నాలుగో మైకు

సౌండు పెంచడానికి తెలివి అక్కర్లేదు, వేలుంటే చాలు. తగ్గించి, ఆ తగ్గించినదాంట్లోనే తబలా మీద వేలు జారిన చప్పుడు కూడా వినిపించేలా చెయ్యడం పనితనం. ఈ మాట నేను ఈ దీవిలో, మేముండే బతు బస్తీలో దొరికినవాడికల్లా చెప్పేవాణ్ణి. ఆ వానకాలం తరవాత మళ్ళీ ఎవరికీ చెప్పలేదు. నోరు రాదు, సిగ్గేస్తుంది.

వారమంతా నేను ఓడల జెట్టీలో ఎలక్ట్రీషియన్ని. ఆదివారం మాత్రం మా తెలుగు చర్చిలో మైకులు చూసుకుంటాను. క్వయరుకి నాలుగు మైకులు. మొదటి మూడూ పిల్లలవి, నాలుగోది మా అమ్మ జ్ఞానవతిది. చర్చికి రేకులు కప్పిన నాటి నుంచి కానుకల పాట ఎత్తుకునేది అమ్మే. ఆవిడకి పుస్తకం అక్కర్లేదు. ఇప్పటి పిల్లలు తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు, పాటని ఇంగ్లీషు అక్షరాల్లో ఫోనులో రాసుకుని చూసి పాడతారు. ఎక్కడైనా మాట తప్పు పలికితే అమ్మే ఆపి దిద్దుతుంది.

డెబ్బై దాటాక అమ్మ గొంతు వణకడం మొదలుపెట్టింది. కుడిచెవి సరిగ్గా వినపడదేమో, తాళం కూడా అరక్షణం వెనకబడేది. ఈస్టరు ముందు ప్రాక్టీసులో జూడీ నా దగ్గరికొచ్చింది. క్వయరులో ముందు నిలబడి పాడే పిల్ల, మంచి గొంతు.

"భయ్యా, ఆంటీ పీఛే పడిపోతున్నారు. మాక్కూడా గడబడ అయిపోతంది. మీరే చెప్పండి, హమ్ కైసే బోలే?"

నేను మాత్రం ఎలా చెప్పను? పెద్దావిణ్ణి, అందులోనూ కన్నతల్లిని, దిగి కూర్చోమని ఏ నోటితో అనను? మాలో ఎవరమూ పెద్దల ముఖం మీద ఆ మాట అనం. చాటున ఏదో ఒకటి చేస్తాం. ఈస్టరు పొద్దున్న అమ్మ మైకు పట్టుకుని, కళ్ళు మూసుకుని పాట ఎత్తుకోగానే, నేను మిక్సరు మీద నాలుగో మీట మెల్లిగా కిందికి లాగేశాను. జూడీ వెంటనే అందుకుంది, పాట హాయిగా సాగిపోయింది. జూడీ నావైపు చూసి చిన్నగా నవ్వింది. ఆ కీబోర్డు మోతలో ఎవరి గొంతు ఉందో ఎవరిది లేదో ఎవడికి పట్టింది! చచ్చిన మైకులో అమ్మ పాడుతోందని నాకూ ఆ పిల్లకీ తప్ప ఎవరికీ తెలీదు. ఆ ఆదివారం నుంచి నాకదే అలవాటైపోయింది.

మే నెలలో చర్చి వార్షికోత్సవం జరిగింది. ఆరాధన మొత్తం రికార్డు చేసి, అడిగినవాళ్ళకల్లా పెన్ డ్రైవులో ఎక్కించి ఇచ్చాను. అమ్మ కూడా తనకొకటి కావాలంది. ఇచ్చాను. అప్పుడైనా నా బుర్ర పనిచెయ్యలేదు.

జూన్ మొదట్లో ఒక పగలు, ముసురు కాస్త తెరిపి ఇచ్చింది. అమ్మ కుర్చీ లాక్కుని స్టీరియో ముందు కూర్చుంది. మా నాన్న దానయ్య ఉన్నప్పుడు, ఓడ దిగిన ఒకాయన దగ్గర ముచ్చటపడి కొన్న స్టీరియో అది. బరువైన ఆంప్లిఫయరు, చెక్కపెట్టెల్లాంటి రెండు స్పీకర్లు. పెన్ డ్రైవు పట్టేలా నేనే దానికో చిన్న బాక్సు తగిలించాను.

"కానుకల పాట వెయ్యరా. ఇన్నేళ్ళు పాడినాను, నా గొంతు ఎలాగుంటాదో నాను ఒక్కసారీ ఇన్లేదు" అంది.

వేశాను. జూడీ గొంతు వచ్చింది, మిగతా పిల్లలు వచ్చారు. అమ్మ ఎడమచెవి స్పీకరు వైపు తిప్పి, "పెంచు" అంది. పెంచాను. "ఇంకా పెంచరా." ఇంకా పెంచాను. మాది చెక్క ఇల్లు, ఒకే కప్పు కింద రెండు వాటాలు, మధ్యన పలకల గోడ. ఆ గోడ దడదడలాడింది. అంతలో తలుపు కొట్టిన చప్పుడు. అవతలి వాటాలో ఉండే శ్రావణి, నిద్రకళ్ళతో, ముడి జారిపోయి నిలబడి ఉంది. ఆ అమ్మాయి నర్సు. రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు పడుకుంటుంది.

"బురా మత్ మానో భయ్యా. రాత్రంతా నిలబడే ఉన్నాను. థోడా తగ్గిస్తారా, ప్లీజ్?"

దేవుడే ఆ పిల్లని పంపినట్టనిపించింది నాకు. గబగబా తగ్గించేశాను.

"చూశావా అమ్మా, ఇంత తక్కువలో నీ గొంతు ఎక్కడ వినపడుతుంది? సౌండు తగ్గిస్తే మెత్తటి గొంతులే ముందు పోతాయి. మన చెవి తంతు అలాంటిది."

ఇందులో సగం నిజమే. తక్కువ సౌండులో అడుగున ఉండే బరువు శబ్దాలూ, పైన ఉండే సన్న శబ్దాలూ చెవికి అందవు. ఆ సగం నిజాన్ని అడ్డం పెట్టుకుని మిగతా అబద్ధాన్ని దాటించేశాను. అమ్మ నమ్మింది. నమ్మడమే నా కొంప ముంచింది, ఎందుకంటే నమ్మి ఊరుకునే మనిషి కాదావిడ.

"అయితే తక్కువలోనే ఇనబడేటట్టు చెయ్యి. ఊరందరికీ చెప్తావు కదా, నీకు రాని సౌండా?"

అలా మొదలైంది. మా ఆవిడ లవీనా కూడా అత్తగారి పక్షమే. ముందు ఇంట్లో మోత తగ్గించాలన్నాను. ఫ్యాను ఆపాం, ఫ్రిజ్ ప్లగ్గు పీకాం. వాన పడుతుంటే రేకుల మీద హోరుకి ఏదీ వినపడదు, కాబట్టి తెరిపి చూసుకుని కూర్చునేవాళ్ళం. బీరువా మీదున్న స్పీకర్లు దించి, గోడకి ఎడంగా రెండు స్టూళ్ళ మీద, అమ్మ కుర్చీకి బారెడు దూరంలో, సరిగ్గా చెవి ఎత్తున పెట్టాను. రెంటి ముఖాలూ కాస్త లోపలికి, అమ్మ వైపు తిప్పాను. చెక్క గుంయ్ మనకుండా వాటి కింద పాత రబ్బరు చెప్పులు కోసి ముక్కలు పెట్టాను. ఆంప్లిఫయరు మీద లౌడ్‌నెస్ అని ఒక బొత్తం ఉంటుంది. తక్కువ సౌండులో చెవికి అందకుండా పోయే శబ్దాలని అది కొంచెం ఎత్తి ఇస్తుంది. ఇన్నేళ్ళూ దాని ముఖం చూసిన పాపాన పోలేదు, ఇప్పుడు నొక్కాను.

ఏం చెప్పను! గోడకి అవతల శ్రావణి గుర్రుపెట్టి నిద్రపోతోంది, ఇవతల చర్చి చర్చంతా మా ముందు గదిలోకి వచ్చి కూర్చుంది. పాట ఎత్తుకునే ముందు జూడీ లాక్కున్న ఊపిరి, కీబోర్డు ఇంకా అందుకోని ఆ క్షణంలో వెనక బెంచీలో పసిపిల్ల దగ్గు, ఎవరో పుస్తకంలో పేజీ తిప్పిన చప్పుడు, అన్నీ ఉన్నాయి. పనివాడిగా నాకు ఒళ్ళు పులకరించింది. కొడుకుగా గుండెల్లో రాయి పడింది.

"పాస్టరుగారి కుర్చీ కిర్రుమన్నాది కూడా ఇనబడతందిరా!" అంది అమ్మ సంబరంగా. చెవి ఇంకా దగ్గరికి పెట్టి, "మరి నానెక్కడున్నాన్రా?" అంది.

"నువ్వు పిల్లల మైకులకి దూరంగా, ఎడంపక్కకి నిలబడ్డావు కదమ్మా. ఆ పక్క స్పీకరు కొంచెం వీకు. చూస్తాను."

ఆ వారం స్పీకరు మీదికి నెట్టాను, మరుసటి వారం వైరు మీదికి, ఆ పై వారం పెన్ డ్రైవు మీదికి. ఆదివారం వస్తే మళ్ళీ మామూలే, అమ్మ కళ్ళు మూసుకుని పాడేది, నేను మీట కిందికి లాగేవాణ్ణి. పైగా ఆరాధన అయ్యాక అమ్మ ఆడవాళ్ళందరికీ చెప్పుకునేది: "మా ప్రవీణు నా గొంతు నాకు ఇనిపించాలని ఇల్లంతా తిరగేస్తన్నాడమ్మా. ఫ్రిజ్జు కూడా ఆపేస్తన్నాడు." వాళ్ళు నావైపు తిరిగి, కొడుకంటే అలా ఉండాలి అనేవారు. నేను వైర్లు చుట్టుకుంటూ తల వంచుకునేవాణ్ణి. తేలు కుట్టిన దొంగకి నోరెక్కడిది?

జూలైలో శ్రావణి ఒక సాయంత్రం డ్యూటీకి వెళ్తూ మా గుమ్మంలో ఆగింది.

"నావల్లే కదా భయ్యా, ఆంటీ సరిగ్గా వినలేకపోతన్నారు. డిగ్నాబాద్‌లో మా దీదీ ఉంది. రేపు అటే పోయి పడుకుంటాను. మీరు ఫుల్ సౌండు పెట్టుకోండి."

పైప్రాణాలు పైనే పోయాయి నాకు. "వద్దు వద్దు! డ్యూటీ చేసిన మనిషివి, వానలో అంత దూరం ఎందుకమ్మా? మేం సర్దుకుంటాం."

పాపం, ఆ పిల్లకి కళ్ళు చెమ్మగిల్లాయి. "కిత్‌నే అచ్ఛే హై ఆప్ లోగ్, ఎంత మంచివాళ్ళు" అనుకుంటూ మెట్లు దిగింది. వెనక్కి తిరిగితే వంటింటి గుమ్మంలో లవీనా నిలబడి ఉంది.

"ఏమండీ, సచ్ బోలో. ఆ పాటలో అత్తమ్మ గొంతు అసలుందా?"

నేను స్టీరియో వైర్లు సర్దడం మొదలుపెట్టాను.

"మైకు ఆపేశారా?"

తల ఊపాను.

"ఆ ఒక్క రోజేనా?"

దీనికి తల కూడా ఊపలేకపోయాను. లవీనా చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. "ఛీ" అంది. మా పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో నన్ను ఆ మాట అనడం అదే మొదలు. "ఈరోజే చెప్పెయ్యండి. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోకండి."

"చెప్తాలే, సమయం చూసుకుని చెప్తాను" అన్నాను. సమయం చూసుకోలేదు. దానికంటే గొప్ప ఉపాయం తట్టింది నాకు.

సెప్టెంబరులో మాకు కోతల పండగ. కొబ్బరికాయలు, అరటిగెలలు, గుడ్లు, ఎవరింట్లో పండింది వాళ్ళు తెచ్చి చర్చిలో బల్ల ముందు పెడతారు. కానుకల పాటకి ఏడాదిలో అదే పెద్ద రోజు. ఆగస్టు రాగానే ఆ వంక పెట్టుకుని ఒక పొద్దున్న అమ్మని వెనక గదిలో కూర్చోబెట్టాను. ఎడమచెవిలో ఇయర్‌ఫోను పెట్టి, "పండక్కి ప్రాక్టీసమ్మా. వార్షికోత్సవం నాటి పాట వింటూ, దాంతోపాటే పాడు" అన్నాను. నా చేతిలో ఫోను ఆవిడ గొంతు రికార్డు చేస్తోందని మాత్రం చెప్పలేదు.

మైకు లేకుండా, కీబోర్డు లేకుండా, మంచం మీద నాకెదురుగా కూర్చుని పాడింది. వణుకు ఉంది, కాదనను. కానీ జూడీ ఆ పాట బాగా పాడుతుంది, అంతే. అమ్మ అలా కాదు, ఆ ఇచ్చేదేదో అప్పుడే ఇస్తున్నట్టు, ఇవ్వడానికి తన దగ్గర ఇంకేమీ లేనట్టు పాడింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిరిగినా ఫోను ఆపలేదు, చూడండి నా బుద్ధి.

మర్నాడు జెట్టీలో మధ్యాహ్నం అన్నం మానేసి, జనరేటరు గది పక్కన కూర్చుని ఆ గొంతుని పాత పాటలో కలిపాను. వెనకబడ్డచోట ముక్క కోసి ముందుకి జరిపాను. వణికినచోట జూడీ గొంతు కొంచెం పైకి తెచ్చాను. నా పనితనం నాకే ముద్దొచ్చింది.

ఆ నెలలోనే ఒక శనివారం పొద్దున్న వాన వెలిసింది. "దొరికిందమ్మా, నీ గొంతు దొరికింది" అన్నాను. అమ్మ జుట్టు దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చి కూర్చుంది. ఫ్యాను ఆపాం, ఫ్రిజ్ ఆపాం. లవీనా నావైపు అనుమానంగా చూస్తూ గోడకానుకుంది. అవతల శ్రావణి నిద్రలో ఉంది. సౌండు మీట రెండు గీతలు దాటనివ్వకుండా పాట వేశాను.

జూడీ ఊపిరి, జూడీ గొంతు, దాని కిందనించి అమ్మ గొంతు. అమ్మ చెయ్యి గుండెమీదికి వెళ్ళింది.

"నానే" అంది. "లవీనా, ఇదిగో, నానే."

మొదటి చరణం అంతా కళ్ళు మూసుకుని వింది. మొహం చిన్నపిల్ల మొహమైపోయింది. రెండో చరణంలో, ఒక పంక్తికీ ఇంకో పంక్తికీ నడుమ, ఎక్కడో చాలా దూరంనించి సన్నగా ఒక కేక వచ్చింది. చాపలోయ్, సుర్మయీ చాపలోయ్.

అమ్మ కళ్ళు తెరిచింది. "ఇది చిన్నమ్మి కేక కదూ?"

"ఏ చిన్నమ్మి?"

"మన సందులోకి చాపలట్టుకొస్తాదే, ఆ చిన్నమ్మి. మళ్ళీ వెయ్యి."

వెయ్యక ఏం చెయ్యను? మళ్ళీ వేశాను. జనరేటరు పక్కన కూర్చుని కలిపినప్పుడు నా చెవిని తప్పించుకున్న కేక, ఆ గదిలో అద్దంలో బొమ్మలా తెలిసిపోయింది. ఫ్యాను ఆపి, ఫ్రిజ్ ఆపి, చెప్పులు కోసి, రెండు నెలలు తంటాలుపడి ఆ నిశ్శబ్దాన్ని తెచ్చింది నేనే కదా.

"ఆదివారం పూట గుళ్ళోకి చిన్నమ్మి చాపల గంప ఎందుకు తెస్తాదిరా?" అంది అమ్మ. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగింది. అడిగాక, నా మొహం చూసింది. "మొన్న ప్రాక్టీసన్నావు. అదేటి ఇది?"

"అవునమ్మా."

"మరి ఆరోజు పాడింది ఏమైపోనాది?"

లవీనా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"నీ మైకు తగ్గించానమ్మా."

"ఎంత?"

"పూర్తిగా."

"ఆ ఒక్క రోజేనా?"

"ఈస్టరు నుంచి."

అమ్మ వేళ్ళ కణుపుల మీద ఆదివారాలు లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో మానేసింది. చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది.

"అంత బాగోలేదేట్రా?"

బాగుందమ్మా అనేద్దామని నాలిక చివరిదాకా వచ్చింది. ఎన్ని అబద్ధాలాడాను, ఇంకొకటి ఆడితే ఏం పోయింది? కానీ ఆవిడ చూస్తున్న చూపుకి నా వల్ల కాలేదు. "వణుకుతోందమ్మా. తాళం కొంచెం వెనకబడుతోంది."

"ఈ ముక్క ఈస్టరుకే చెప్పుంటే, పాట జూడీకి అప్పజెప్పి నానే దిగి కూచుందును కదరా. మైకు నా చేతికిచ్చి నోరు నొక్కీసినావు. అంతమంది ముందర, నాను పాడతన్నాననుకుని..."

మిగతాది మింగేసింది. అరవలేదు. గోడ అవతల పడుకున్న పిల్ల లేస్తుందని చాలా మెల్లగా అంది. ఒక్క అక్షరం పోకుండా వినపడింది. నేను ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాను. కాసేపటికి ఆవిడే లేచి, "ఫ్రిజ్జు పెట్టు, పాలు విరిగిపోతాయి" అని లోపలికి వెళ్ళింది.

మర్నాడు చర్చిలో అమ్మే చెప్పింది, గొంతు సహకరించడం లేదు, ఇక పాట జూడీ ఎత్తుకుంటుందని. నా పేరు ఎక్కడా రానివ్వలేదు. రెండు శనివారాలు జూడీని ఇంటికి పిలిచి, ఒక్కొక్క మాటా పలికించి నేర్పింది. ఆ పిల్ల నా ముఖం చూడదు, నేను ఆ పిల్ల ముఖం చూడను. నాతో అమ్మ మామూలుగానే ఉంది. అన్నం తిన్నావా అంటుంది, గొడుగు పట్టుకెళ్ళు అంటుంది. తిట్టినా బాగుండేది.

సెప్టెంబరులో ఒకరోజు బట్టలారేస్తూ శ్రావణి అడిగింది. "ఆంటీకి బాగోలేదా భయ్యా? అంట్లు తోముతూ పాడుకునేవారు కదా, అది వింటూనే నిద్రపోయేదాన్ని నేను. స్టీరియో గోలకి లేచానుగానీ, ఆంటీ పాటకి ఎప్పుడూ లేవలేదు. ఈ మధ్య ఏమీ వినపడట్లేదు."

చర్చిలో మాత్రమే మానేసిందనుకున్నాను నేను. ఇంట్లో కూడా పాడటం మానేసిందని, ఒకే ఇంట్లో ఉన్న నాకు, పేజీ తిప్పిన చప్పుడు కూడా పట్టే నాకు, అప్పటిదాకా తెలీదు.

కోతల పండగ రోజు చర్చి కిక్కిరిసిపోయింది. వార్షికోత్సవానికి చేసినట్టే ఆరాధనంతా రికార్డింగు పెట్టాను. బల్ల ముందు అరటిగెలలు, కొబ్బరికాయలు గుట్టలు. పాస్టరు ప్రేమయ్యగారు అమ్మని పిలిచి శాలువా కప్పారు. అంతటితో ఊరుకోవచ్చు కదా? మైకులో నా గురించి కూడా అందుకున్నారు. "తల్లి గొంతు తల్లికి వినిపించాలని, ఈ వానకాలమంతా కష్టపడిన కుమారుణ్ణి దేవుడు దీవించునుగాక" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. మిక్సరు వెనక నేల చీలితే దూరిపోదామనిపించింది. అమ్మ కూడా నావైపు చూస్తూ చప్పట్లు కొట్టింది.

తరవాత వెళ్ళి ఆడవాళ్ళ బెంచీల్లో చివర కూర్చుంది. జూడీ కానుకల పాట ఎత్తుకుంది. ఒక్క మాట తప్పు పోలేదు. రెండో పంక్తికి అందరూ లేచి నిలబడి గొంతు కలిపారు. అమ్మ కూడా నిలబడింది. పెదాలు కదులుతున్నాయి. హమ్మయ్య, పాడుతోంది అనుకున్నాను. ఆ గొంతు వినాలనిపించి, వైరు సర్దే నెపం మీద గోడ వెంట నడిచి, ఆవిడ పక్కకి వెళ్ళి నిలబడ్డాను.

అంత దగ్గర నిలబడినా చప్పుడు లేదు. పెదాలు పాటతోపాటే, మాట తప్పకుండా కదులుతున్నాయి. గొంతు మాత్రం లేదు.

వంగి, "అమ్మా, గొంతెత్తి పాడమ్మా" అన్నాను. "నీకు దండం పెడతాను, పాడు."

ఆవిడ నావైపు తిరగలేదు. వేలు పెదాల మీద పెట్టుకుని, నాకు మాత్రమే వినపడేలా అంది:

"ఉస్. రికార్డింగు అవతంది కదరా, పాడైపోద్ది. ఎళ్ళి నీ పని చూసుకో."

వెళ్ళి నా పని చూసుకున్నాను.